ఎడమచేతి ముద్ద

ఇది రాస్తున్నది కుడిచేత్తో. నా కుడిచేతికి ఏనాడూ ఏమీ కాలేదు. చెడింది ఎడమ చెయ్యి. ఆ మాట విన్న ప్రతివాళ్ళూ "ఎడమదే కదా, నయం" అన్నారు. ఆసుపత్రిలో పక్క మంచం వాళ్ళు అన్నారు, లిఫ్టు దగ్గరి కాపలా మనిషి అన్నాడు, బంధువులు ఫోన్లో అన్నారు. కొన్నాళ్ళు నేనూ అనుకున్నాను. అది ఎంత తప్పో చెప్పాలని ఉంది. ఆ చేతి విషయంలోనే మా ఇంట్లో మేము చేసుకున్న ఇంకో తప్పు ఉంది. ఇలాంటి శిక్షణకు వెళ్ళబోయేవాళ్ళెవరైనా చదువుతుంటే, ఆ రెండోదాని దగ్గర కాస్త ఆగండి.

ఫిబ్రవరి

నేను విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్నాను. నాణెమంత బ్యాటరీలు తయారుచేసి, అవి ఎన్నిసార్లు ఛార్జి అయ్యాక చచ్చిపోతాయో చూడటం నా పని. వాటికి గాలి తగలకూడదు. అందుకని గ్లవ్ బాక్సులో కట్టాలి. అదొక పెద్ద అద్దాల పెట్టె. ముందువైపు రెండు పొడుగాటి నల్ల రబ్బరు చేతులు వేలాడుతుంటాయి. మన చేతులు వాటిలో దూర్చి లోపలి పని చెయ్యాలి. కుడిచేతిలో పట్టకారు, ఎడమచేతిలో చిన్న గాజు సీసా. రెండు చేతులూ లేనిదే అక్కడ ఏ పనీ జరగదు.

ఆ రోజు ఉదయం పదకొండు దాటింది. సీసాకు మూత బిగించి, ఎడమచేత్తో పళ్ళెంలో పెట్టి వదలాలి. పెట్టాను. వేళ్ళు వదల్లేదు. అప్పుడు నేను చేసినవన్నీ వరసగా గుర్తున్నాయి. పెట్టెలో పీడనం చూశాను, సరిగానే ఉంది. రబ్బరు ఎక్కడైనా చిరిగిందా అని చూశాను, లేదు. సీసాకు ఏమైనా అంటిందా అని చూశాను, లేదు. పరికరంలో చూడవలసినవన్నీ చూశాను. పరికరానికి ఇవతల ఉన్నవాణ్ణి చూడలేదు.

మా ల్యాబులో నా తరువాత చేరిన సునీల్ అటుగా వచ్చి ఆగిపోయాడు. "అన్నా, నీ నోరేంది ఒక దిక్కు పోయింది?" అన్నాడు. పీడనం సంగతి చెప్పబోయాను. నాలుక మందమై, మాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి వచ్చాయి. వాడే నా చేతిని రబ్బరులోంచి బయటకు లాగాడు. లాగుతుంటే చూశాను. ఎవరిదో చేతిని లాగుతున్నట్టు ఉంది.

మెదడులో కుడివైపు ఒక నాళంలో రక్తం గడ్డకట్టిందన్నారు. నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. ఎందుకు కట్టిందో తేల్చడానికి చాలా పరీక్షలు చేశారు, తేలలేదు. వైద్యం గురించి ఇంతకుమించి రాయను.

మార్చి నుంచి మే వరకు

నడక మూడో వారానికి వచ్చింది. మాట నెలకు తేటపడింది. చెయ్యి రాలేదు.

ఏప్రిల్ చివర్లో వేళ్ళు ముడుచుకోవడం మొదలుపెట్టాయి. ఇంట్లో పండగ చేసుకున్నారు. అమ్మ నా చేతిలో తన చూపుడు వేలు పెట్టి, "పట్టుకున్నాడు సూడయ్యా, గట్టిగా పట్టుకున్నాడు" అని నాయనను పిలిచింది. నాయన వచ్చి చూశాడు. తరువాత అమ్మ వేలు తీసుకోబోయింది. రాలేదు. ఇద్దరం నవ్వాం. కాసేపటికి నవ్వు ఆగింది. అమ్మ రెండో చేత్తో నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పుకుంది.

పట్టు ముందొస్తుంది, విడుపు తరువాత వస్తుంది, కొందరికి రాదు. ఆ సంగతి నాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే స్థితిలో లేనేమో.

మాది తార్నాక. నాయన ఉద్యోగం మీద ప్రొద్దుటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే నిలిచిపోయాం. ఇంటి నుంచి మా ల్యాబుకు క్యాంపస్ లోపలి దారిన నడిస్తే ఇరవై ఐదు నిమిషాలు. మేలో ఒక రోజు ఆ దారిన వెళ్ళి మా ప్రొఫెసరుగారిని కలిశాను. ఆయన కుర్చీ చూపించి, నా చెయ్యి వైపు చూడకుండా మాట్లాడారు.

"ఆగస్టు మొదటి వారం దాకా బాక్సులో నీ రోజులు నీకే ఉంచుతాను. అప్పటికి చెయ్యగలిగితే నీ పని నువ్వే పూర్తిచేద్దువు. లేదంటే సునీల్ చేస్తాడు. నువ్వు కంప్యూటర్ మీద సిమ్యులేషన్ వైపు వద్దువు. అదీ మంచి పనే."

అదీ మంచి పనే. నాకు తెలుసు. కానీ ఆ బ్యాటరీలు నాలుగేళ్ళుగా నా చేతులతో కట్టినవి. తిరిగొచ్చేటప్పుడు వేపచెట్ల కింద ఒక సిమెంటు బెంచీ మీద కూర్చుని, జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాను. కావలసినది: సీసా పట్టుకోవడం, తిప్పడం, వదలడం. ఉన్నది: పట్టుకోవడం. మిగిలిన సమయం: పదకొండు వారాలు.

జూన్, మొదటి రెండు వారాలు

తార్నాక మెట్రో వెనక సందులో, మందుల దుకాణం పైన మొదటి అంతస్తులో ఆ శిక్షణ కేంద్రం. థెరపిస్టు రజిత మేడమ్. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. మల్కాజ్‌గిరి నుంచి స్కూటీ మీద వచ్చేది. పద్ధతి వినడానికి తేలిక. బాగున్న చేతికి మందపాటి తొడుగు వేసి కట్టేస్తారు. ఇక ఏం చేసినా చెడ్డ చేత్తోనే చెయ్యాలి. కేంద్రంలో రోజుకు నాలుగు గంటలు, వారానికి ఆరు రోజులు, మూడు వారాలు. ఇంట్లో కూడా మెలకువగా ఉన్నంతసేపూ తొడుగు ఉండాలి. నీళ్ళు, వేడి, మెట్లు, మరుగుదొడ్డి, ఈ నాలుగింటికే తీయవచ్చు.

"దిమాగు ఆ చెయ్యిని మర్చిపోయింది తమ్ముడూ," అంది రజిత మేడమ్. "దానికి వేరే దారి ఇయ్యొద్దు. ఇస్తే ఆ దారినే పోతది."

ఒక ఒప్పంద కాగితం మీద సంతకం చేయించుకుంది. రోజూ నింపడానికి ఒక పట్టిక ఇచ్చింది. గంటకు ఒక గడి. తొడుగు ఉంటే టిక్కు, లేకపోతే సున్నా, ఎందుకు తీశామో పక్కన రాయాలి. ఆ పట్టిక చూడగానే నాకు నెలల తరువాత మొదటిసారి ధైర్యం వచ్చింది. పట్టికలు నాకు తెలుసు.

పని ఇలా ఉండేది. శనగలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి. బట్టలకు పెట్టే క్లిప్పులు తాడు మీదికి. సీసా మూతలు, తాళం చెవులు, పేకముక్కలు తిరగెయ్యడం. గోడగడియారం కింద కూర్చుని శనగలు ఏరుతుంటే, మాస్టర్స్ చదివినవాణ్ణన్న గర్వం మొదటి రోజే పోయింది. రెండో రోజు ఏడుపొచ్చింది. శనగ పట్టుకోగలను, గిన్నె పైదాకా తీసుకుపోగలను, వదలలేను. చెయ్యి విదిలిస్తే శనగ గోడకు తగిలేది.

వేచి ఉండే గదిలో యాదగిరిగారు కలిసేవారు. బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆయనకు పడింది కుడిచెయ్యి. కాబట్టి తొడుగు ఎడమచేతికి. నా తొడుగూ ఆయన తొడుగూ పక్కపక్కన పెట్టి చూసి ఒక రోజు అన్నారు.

"నీకు తినుడు కష్టం, నాకు కడుగుడు కష్టం. ఇద్దర్ని కలిపితే ఒక్క మనిషి అయితడు బిడ్డా."

ఆ గదిలో అందరూ నవ్వింది ఆ ఒక్కసారే.

బయట మాత్రం నవ్వు తక్కువ. దెబ్బ తగిలింది తొడుగు ఉన్న చేతికే అనుకునేవారు జనం. ఆటోలో, కూరగాయల బండి దగ్గర, నా మంచి చెయ్యి మీద జాలిపడేవారు. మా వీధి చివర కిరాణా కొట్టులో ఎడమచేత్తో నోటు ఇస్తే కొట్టావిడ తీసుకోలేదు. "పొద్దుగాల బోణీ టైము. కుడి చెయ్యికి ఏమైందో ఏమో గానీ, గా బల్ల మీద పెట్టు బిడ్డా," అంది. బల్ల మీద పెట్టాలంటే వదలాలి. నోటు వేళ్ళ మధ్య నలిగిపోతుంటే ఆవిడే చివరకు లాగి తీసుకుంది.

అసలు సంగతి కంచం దగ్గర జరిగింది.

మొదటి రోజు మధ్యాహ్నం తొడుగుతోనే పీట మీద కూర్చున్నాను. అమ్మ అన్నం, పప్పు వడ్డించింది. నేను ఎడమచెయ్యి కంచంలో పెట్టాను. ఎదురుగా నాయన తింటున్నాడు. ఆగిపోయాడు.

"ఏమిరా అది?"

"శిక్షణ నాయనా. అన్నీ ఈ చేత్తోనే చెయ్యాల."

"అన్నీ అంటే? ఆ చెయ్యి కడుక్కునేదానికిరా, తినేదానికి గాదు."

"మేడమ్ చెప్పింది..."

"ఆమె చెప్పుంటాది. ఆమె ఇంట్లో తింటే ఆమె ఇష్టం." కంచంలో సగం అన్నం ఉండగానే చెయ్యి కడుక్కుని లేచాడు. మా నాయన కంచంలో మెతుకు వదిలిన మనిషి కాదు.

నేను చెయ్యి తీసేశాను. వేళ్ళ సందుల్లో పప్పు. అమ్మ తడిగుడ్డతో తుడిచింది. తరువాత నా కంచం తన ముందుకు లాక్కుని, కలిపి, ముద్ద చేసి, నా నోటి ముందు పెట్టింది.

"నువ్వు తొడుగు తీయొద్దు, ఆ చేత్తో తినొద్దు. నేను పెడతా. అయిపాయె గదా."

అయిపోయింది. అంత తేలిగ్గా అందరి మాటా నిలబడింది. తొడుగు అలాగే ఉంది, నాయన మళ్ళీ ఎదురుగా కూర్చుని తిన్నాడు. సాయంత్రం పట్టిక తీశాను. ఒంటి గంట నుంచి రెండు వరకు: తొడుగు ఉందా? ఉంది. టిక్కు పెట్టాను. అబద్ధం కాదు. ఆ గడి అడిగింది తొడుగు గురించే. చెయ్యి ఏం చేసిందని అడగలేదు.

రెండు వారాలు అలాగే టిక్కులు పెట్టాను. ప్రతి పూటా. నిజం చెప్పాలంటే అమ్మకు ఆ రోజులు బాగున్నాయి. ఫిబ్రవరి తరువాత ఆమె ముఖం కుదుటపడింది అప్పుడే. చింతకాయ తొక్కు ఎంత కలపాలో, ఏ ముద్దకు నెయ్యి వెయ్యాలో ఆమెకు తెలుసు. నాకూ బాగుంది. ఉదయమంతా శనగలతో ఓడిపోయి వచ్చినవాడికి ఎవరైనా నోట్లో ముద్ద పెడితే బాగుండదా.

రెండో వారం, శనివారం

రజిత మేడమ్ ప్రతి శనివారం పరీక్ష పెట్టేది. గడియారం పెట్టుకుని, పట్టుకోవడానికెంత, వదలడానికెంత అని చూసేది. పట్టు బాగా పెరిగింది. విడుపు మొదటి రోజు ఎక్కడుందో అక్కడే ఉంది. ఆమె నా పట్టిక తీసి ముందు పెట్టుకుంది. పేజీలు తిప్పింది. ఎక్కడా సున్నాలు లేవు.

"మీ రాత మస్తుగున్నది తమ్ముడూ. చెయ్యి చూస్తే గట్ల లేదు. ఏం తింటున్నరు పొద్దుగాల?"

"ఇడ్లీ."

"ఎట్ల తింటున్నరు?"

 ఆమె తన డబ్బా తెరిచి, ఒక ఇడ్లీ మూత మీద పెట్టి నా ముందుకు జరిపింది. "తినుండ్రి."

ముక్క తుంచాను. నోటిదాకా తెచ్చాను. పెదవుల దగ్గర వేళ్ళు విడవలేదు. పళ్ళతో లాగబోతే వేలు కొరుక్కున్నాను. ముక్క పిండై చొక్కా మీద పడింది. 

"ఇంట్ల ఎవరు తినిపిస్తున్నరు?"

"అమ్మ."

"గిదంతా రాసిండ్రా?"

"తొడుగు ఉందా అని మాత్రమే ఉంది మేడమ్ గడిలో."

ఆమెకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. అదే ఎక్కువ బాధనిపించింది. పెన్ను పక్కన పెట్టి నెమ్మదిగా చెప్పింది. "ముద్ద పట్టుడు, నోటి దగ్గర వేళ్ళు తెరుచుడు. మీకు కావల్సిన పని గదే. నేను శనగలతోని చేపిచ్చేది గదే. గా పని ఇంట్ల రోజుకు ఎన్నిసార్లు దొరుకుతదో మీరే లెక్క పెట్టుండ్రి. మీకు లెక్కలొస్తయ్ గద."

కిందికి దిగకముందే మెట్ల దగ్గర నిలబడి లెక్కపెట్టాను. ఉదయం ఇడ్లీ, దోసె వదిలేస్తే, అన్నం రెండు పూటలు. పూటకు పాతిక ముద్దలు. దగ్గరదగ్గర పద్నాలుగు రోజులు. ఏడు వందలు. ఆ ఏడు వందల సార్లూ తెరుచుకున్నది అమ్మ చెయ్యి.

మూడో వారం

ఆ సాయంత్రమే అమ్మకు చెప్పాను. ఏడు వందల సంగతి చెప్పలేదు. ఇకనుంచి నేనే తింటానని, ఆ చేత్తోనే అని చెప్పాను. ఆమె నాయన ఉన్న గది వైపు చూసింది. నాయన విన్నాడు.  మరుసటి రోజు నుంచి తన కంచం ముందు గదిలోకి తీసుకుపోయి, మాకు వీపు చేసి తిన్నాడు. ఇప్పటికీ అలాగే తింటున్నాడు.

బుధవారం వంటగట్టు మీద ఒక కొత్త స్టీలు కంచం కనబడింది. అంచు లోతుగా, నిటారుగా ఉంది, అన్నం జారిపోకుండా ముద్దను అంచుకు ఆనించి ఎత్తుకునేలా. "యాడిదిమ్మా?" అని అడిగాను. "మీ నాయన తెచ్చినాడు. అడగొద్దు," అంది.

ఆ వారం ఒక్కో భోజనానికి గంట పట్టేది. అన్నం చల్లారిపోయేది. చొక్కా, పీట, నేల అన్నీ మెతుకులే. శుక్రవారానికి మూడు ముద్దలు వాటంతటవి నోట్లో పడ్డాయి. వేళ్ళు కొద్దిగా, ముడి సడలినట్టు విచ్చుకున్నాయి. అది చెప్పడానికి మరునాడు ముందే వెళ్ళి వేచి ఉండే గదిలో యాదగిరిగారి కోసం చూశాను. రాలేదు. మళ్ళీ ఆసుపత్రిలో చేర్చారని రజిత మేడమ్ చెప్పింది. ఆయన తొడుగు మేకుకు తగిలించి ఉంది.

శిక్షణకు అదే చివరి రోజు, విడుపు నాలుగు సెకన్లకు వచ్చింది. "ఇంకొక మూడు వారాలు దొరికితే?" అని అడిగాను. మేడమ్ తల అడ్డంగా ఊపింది. నా వెనక వరసలో చాలామంది ఉన్నారు. "ఇంట్ల చేసుకోండ్రి. కొందరికి మెల్లగ వస్తది. వస్తదని నేను చెప్ప, రాదని గూడ చెప్ప," అంది.

ఆగస్టు

జూలై అంతా ఇంట్లో చేశాను. విడుపు నాలుగు సెకన్ల దగ్గరే ఉంది.

మొదటి వారం సోమవారం ఉదయం ల్యాబుకు వెళ్ళాను. రాత్రి వాన పడి క్యాంపస్ దారి తడిగా ఉంది. సునీల్ ఖాళీ సీసాలు మూడు బాక్సులో సిద్ధంగా పెట్టాడు. చేతులు రబ్బరులోకి దూర్చాను. ఆరు నెలల తరువాత ఆ చల్లదనం. లోపలి పీడనం రబ్బరును ఎప్పుడూ బయటికి తోస్తుంటుంది. మామూలు చేతికి అది తెలియదు.

మొదటి సీసా: పట్టుకున్నాను, పళ్ళెం మీదికి తెచ్చాను. వదలడానికి పదకొండు సెకన్లు. రెండోది: వదల్లేదు. విదిలించాను, పడిపోయింది, పగల్లేదు. మూడోది: వదల్లేదు. కుడిచేతి పట్టకారుతో నా ఎడమచేతి వేళ్ళను ఒక్కొక్కటే సీసా మీంచి లేపాల్సి వచ్చింది. అద్దంలోంచి చూస్తే అది ఎవరో యంత్రాన్ని రిపేరు చేస్తున్నట్టు ఉంది.

అంతసేపూ సునీల్ పీడనం మీటరునే చూస్తూ నిలబడ్డాడు. అందులో చూడటానికి ఏమీ లేదు. "మంచిగనే ఉన్నదన్నా పీడనం," అన్నాడు. నేను చేతులు తీశాక, "రేపు మళ్ళ చూద్దాం?" అన్నాడు. వద్దన్నాను. నా నోటు పుస్తకాలు వాడికిచ్చాను. ఏ బ్యాటరీకి ఏం చెయ్యాలో, ఎక్కడ ఆపానో గంటసేపు చెప్పాను. వాడు శ్రద్ధగా రాసుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి ఒంటి గంట. అమ్మ వడ్డించింది. అడగకుండానే తెలిసింది ఆమెకు. పక్కన కూర్చుని అడిగింది.

"నేను పెట్టకపోయింటే వచ్చిండేదా రా?"

ఒక సమాధానం నా దగ్గర సిద్ధంగా ఉంది. రబ్బరు మందం ఎక్కువ, పీడనం ఎక్కువ, అందుకే కాలేదు. అది నిజమే. గడిలో పెట్టిన టిక్కు లాంటి నిజం. ఆ రకం నిజంతో రెండు వారాలు పోగొట్టుకున్నాను.

"తెలీదమ్మా," అన్నాను.

"తెలీదంటే, వచ్చిండేదనే గదా."

కంచం అంచుకు ముద్ద ఆనించి ఎడమచేత్తో ఎత్తాను. 

అక్టోబరు

సిమ్యులేషన్ పని మొదలైంది. ఒక్క కుడిచేత్తో టైపు చేస్తాను. నా బ్యాటరీలు సునీల్ కడుతున్నాడు, బాగా కడుతున్నాడు.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి తొడుగు వేస్తే, నేను చెప్పగలిగినవి ఇవి. మొదటి రోజే ఇంట్లో అందరినీ కేంద్రానికి తీసుకెళ్ళండి, ముఖ్యంగా వడ్డించేవాళ్ళను. కంచం సంగతి అక్కడే, అందరి ముందే మాట్లాడుకోండి, ఎవరు లేచి వెళ్ళిపోయినా సరే. పట్టికలో గడి ఏమడిగిందో దానికే జవాబు రాసి తప్పుకోకండి. ఎడమదే కదా అని ఎవరైనా అంటే, రెండు చేతులూ కావలసిన పనులు వాళ్ళు రోజుకు ఎన్ని చేస్తారో అడగండి.

నేను ఇప్పుడు వేరే పుస్తకం పెట్టాను. అందులో తొడుగు గడి లేదు. ఇవాళ మధ్యాహ్నం: పద్దెనిమిది ముద్దలు. పదకొండింటిని వేళ్ళు వాటంతటవే వదిలాయి. ఏడింటికి వేళ్ళు విప్పవలసి వచ్చింది, కుడిచేత్తో నేనే విప్పుకున్నాను. ముందు గదిలో నాయన వీపు. అమ్మ నాకు ఎదురుగా కూర్చుంది, చివరి ముద్ద అయ్యేదాకా, తన కుడిచెయ్యి కొంగులో చుట్టుకుని.